అంతియొకయలో క్రీ.శ. 387 నాటి శ్రమల కాలము: ఆపదలో ఉన్న సంఘమునకు నిరీక్షణ బోధ

శ్రమల కాలము రాగానే మన సంఘాలలో ఉపవాస కూడికలు, గృహ ప్రార్థనలు మొదలవుతాయి. మామూలు దినాలకంటె ఈ దినాలలో కాపరి ఎక్కువసార్లు వాక్యము చెప్పవలసి వస్తుంది. ఆ దినాలలోనే సంఘము మీదికి పెద్ద ఆపద వస్తే కాపరి ఏమి బోధించాలి? ఫలితము ఇంకా తెలియనప్పుడు, "తప్పక విడుదల కలుగుతుంది" అని మాట ఇవ్వవచ్చా? ఇవ్వకపోతే ప్రజలను ఎట్లు ఆదరించాలి? ఈ ప్రశ్నలను సంఘ చరిత్రలో సూటిగా ఎదుర్కొన్నవారిలో యోహాను క్రిసోస్తోము ఒకడు. ఆయన అనుభవమును పరిశీలించడమే ఈ వ్యాసము ఉద్దేశము.

1. చారిత్రక నేపథ్యము

శిష్యులు మొట్టమొదట క్రైస్తవులనబడిన పట్టణము అంతియొకయ (అపొ. కా. 11:26). నాలుగవ శతాబ్దములో అది రోమా సామ్రాజ్యపు తూర్పు భాగంలోని మహానగరాలలో ఒకటి. క్రీ.శ. 387 ఆరంభంలో థియొడోసియస్ చక్రవర్తి విధించిన కొత్త పన్నును గూర్చిన ఆజ్ఞ అక్కడ చదవబడింది. ప్రజలు ఆగ్రహించారు. గుంపు అదుపు తప్పి చక్రవర్తి చిత్రపటాల మీద రాళ్లు రువ్వింది. ఆయన ప్రతిమలను, అంతకు కొంతకాలం క్రితమే మరణించిన ఆయన భార్య ఫ్లాసిల్లా ప్రతిమను పడగొట్టి వీధులలో ఈడ్చింది. ఆనాటి చట్టములో చక్రవర్తి ప్రతిమను అవమానించడం రాజద్రోహమే. కొద్ది గంటలలో అల్లరి అణగిపోయింది గాని భయము పట్టణమంతటిని ఆవరించింది. పట్టుబడినవారిలో అనేకులకు మరణశిక్ష పడింది. ధనికులు ఇండ్లు విడిచి పారిపోయారు. సైన్యము వచ్చి పట్టణమును నాశనము చేస్తుందన్న వదంతి వ్యాపించింది.

ఆ భయము నిరాధారమైనది కాదు. ఇదే చక్రవర్తి మూడేండ్ల తరువాత, 390లో, థెస్సలొనీకలో జరిగిన ఒక అల్లరికి ప్రతీకారముగా సామూహిక వధ జరిపించాడు.

వృద్ధుడైన బిషప్పు ఫ్లావియన్ ప్రజల పక్షముగా విజ్ఞాపన చేయడానికి కాన్‌స్టాంటినోపుల్‌కు బయలుదేరాడు. అది శీతకాలము; దూరప్రయాణము; ఇంట ఆయన సహోదరి మరణావస్థలో ఉంది. సంఘము యోహాను చేతిలో ఉండిపోయింది. ఆయన 386లో, అంటే కేవలము ఒక సంవత్సరము క్రితం, ప్రెస్బిటరుగా అభిషేకము పొందినవాడు. "ప్రతిమలను గూర్చిన ప్రసంగములు" అని పేరొందిన ఇరువదియొక్క ప్రసంగములలో మొదటిది తప్ప మిగిలినవి ఆ అల్లరి తరువాతివే. వాటి వరుసక్రమమును గూర్చి పండితులలో భేదాభిప్రాయాలున్నా, సందర్భము మాత్రము స్పష్టము.

2. యోహాను బోధించిన విధానము

(అ) మొదట మౌనము. యోబు స్నేహితులవలె తాను ఏడు దినములు మౌనముగా ఉన్నానని ఆయనే చెప్పాడు. దుఃఖమును గుర్తించిన తరువాతనే ఆయన నోరు తెరిచాడు. బజారు ఖాళీ అయి దేవాలయము నిండిపోయిందని గమనించాడు. భయము కొట్టిన గంటకు వచ్చిన ఆ ప్రజలను భయములోనే ఉంచి లాభపడాలని చూడలేదు.

(ఆ) భయమును పశ్చాత్తాపము వైపు త్రిప్పుట. దుఃఖము మరణమునకు గాని నష్టమునకు గాని మందు కాదు, పాపమునకు మాత్రమే మందు అని ఆయన వాదించాడు. నీనెవె వారికి తప్పించుకొంటామన్న హామీ దొరకలేదు, అయినా వారు తమ మార్గము మార్చుకొన్నారు. యోబును, అగ్నిగుండములో నిలిచిన ముగ్గురు యౌవనులను జ్ఞాపకము చేసి, ఫలితము తెలియకముందే విశ్వాసము నిలబడగలదని చూపించాడు.

(ఇ) ఉపవాసమునకు పని కల్పించుట. ఆహారము మాని సహోదరుని నిందించేవాని ఉపవాసము వ్యర్థమని చెప్పి, కన్ను, చెవి, చెయ్యి కూడా ఉపవసించాలన్నాడు. ఆ నలువది దినాలకు మూడే నియమాలు పెట్టాడు: ఎవరితోను పగ ఉండకూడదు, ఎవరిని గూర్చియు చెడ్డమాట ఆడకూడదు, ఒట్టు పెట్టుకోకూడదు. వీటిలో ఒట్టును ప్రసంగము వెంబడి ప్రసంగములో ప్రస్తావించాడు. భోజనము దగ్గర సేవకుడు తప్పు చేస్తాడు. వానిని కొట్టిస్తానని భార్య ఒట్టు పెడుతుంది. కొట్టనివ్వనని భర్త ఒట్టు పెడతాడు. ఏది జరిగినా ఒకరు అబద్ధికులు కాక తప్పదు. ఇట్టి ఇంటి ఉదాహరణలతో ఆయన బోధ సాగింది. పట్టణము ఉంటుందో పోతుందో తెలియనప్పుడు ఒట్టులను గూర్చి మాట్లాడటం అల్పముగా తోచవచ్చు. అయితే చక్రవర్తి మనస్సు ప్రజల చేతిలో లేదు, వారి నాలుక వారి చేతిలో ఉంది. చేయదగిన పని ఉన్నవాడు భయములో కుప్పకూలడు.

(ఈ) విజ్ఞాపనయందు నమ్మిక. బిషప్పు మత్తయి 18లోని పదివేల తలాంతుల ఉపమానమును చక్రవర్తికి జ్ఞాపకము చేస్తాడని ఆయన సంఘమునకు చెప్పాడు. ఎస్తేరు రాజు నొద్దకు వెళ్లకముందు యూదులు ఉపవసించినట్లే సంఘము కూడా ప్రార్థించాలన్నాడు. ఒకరు రాజు ఎదుట, మిగిలినవారు దేవుని ఎదుట నిలవాలి.

3. ఫలితము

ఇంతలో హెల్లెబికస్, కైసరియస్ అనే విచారణాధికారులు వచ్చారు. స్నానశాలలు, నాటకశాలలు మూయబడ్డాయి. నగరసభ సభ్యులు చెరసాల పాలయ్యారు. కొండలలోని సన్యాసులు దిగివచ్చి అధికారులను బ్రతిమాలారు. కైసరియస్ తానే రాజధానికి వెళ్లాడు. చివరకు చక్రవర్తి క్షమించాడు. ఫ్లావియన్ ఈస్టరు పండుగకు తిరిగివచ్చాడు. యోహాను కథనము ప్రకారము, లోగడ ఈస్టరుకు ఖైదీలను విడుదల చేస్తూ మృతులను కూడా లేపగలిగితే బాగుండునని వ్రాసిన మాటను ఆయన చక్రవర్తికే గుర్తుచేశాడు.

ఇక్కడ చరిత్రకారుని జాగ్రత్త అవసరము. ఫ్లావియన్ ప్రసంగము మనకు యోహాను నోటనే లభించింది. అదే పట్టణమువాడు, అన్యమత పండితుడు లిబానియస్ తన రచనలలో ఆ అధికారులిద్దరిని ఘనపరచాడు. రెండు సాక్ష్యాలను కలిపి చదివితే, దేవుడు బిషప్పును, సన్యాసులను, అధికారులను కూడా వాడుకొన్నాడని చెప్పడం న్యాయము. అలాగే యోహానును లోపము లేనివానిగా చూపనక్కరలేదు. 386, 387 సంవత్సరాలలోనే ఆయన యూదులకు విరోధముగా చేసిన ప్రసంగముల కాఠిన్యమును సంఘము నేడు సమర్థించలేదు.

4. ముగింపు

నిరీక్షణ వేరు, ఫలితమును ముందుగా చెప్పడం వేరు. సైన్యము వస్తుందన్న వదంతికి సంఘము బెదరినప్పుడు, అన్యుడైన అధికారి ఒకడు దేవాలయానికి వచ్చి ధైర్యము చెప్పవలసి వచ్చింది. అందుకు యోహాను తన సంఘమును గద్దించాడు. విశ్వాసి ధైర్యము వార్తల మీద కాక దేవుని స్వభావము మీద ఆధారపడాలన్నది ఆయన భావము. క్షమాపణ రాకపోయినా ఆ ప్రసంగములలో ఒక్క మాటనైనా ఆయన వెనుకకు తీసుకోవలసిన పని ఉండేది కాదు.

మన సంఘాలలో కరవు, అప్పు, రోగము, ఉద్యోగ నష్టము శ్రమల కాలము ముగిసేవరకు ఆగవు. కాపరి వారితో కూర్చుండాలి. చేయదగిన ఒక విధేయతను చూపాలి. వారి పక్షముగా అధికారుల యొద్దకు వెళ్లవలసి వస్తే ఫ్లావియన్ వలె వెళ్లాలి. ఈస్టరు ఉదయము ఏమి తెచ్చినా నిలిచే మాటనే బోధించాలి. సిలువ నీడలో నడిచే సంఘమునకు ఇవ్వదగిన నిరీక్షణ అదే.