మన నిజాం రైలు, వాళ్ళ రైళ్ళు - పూచీ ఎవరిది?

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదకులు కోరారు. నేను చరిత్రకారుణ్ణి కాను, ముప్పై అయిదేళ్ళు సర్కారు కొలువులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. అయితే నాకు చిన్నప్పటి నుంచీ రైలు పిచ్చి ఉన్న సంగతి మీలో చాలామందికి తెలుసు. నా సొరుగులో ఫైళ్ళ కంటే రైల్వే టైం టేబుళ్ళే ఎక్కువని సెక్షన్‌లో వెక్కిరించేవారు. అందుచేత రైళ్ళ గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

మా సొంత ఊరు షాద్‌నగర్ దగ్గర ఒక పల్లె. మా నాన్నగారు నన్ను మొదటిసారి పట్నం తెచ్చింది మీటర్ గేజి రైల్లోనే. 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్ గుమ్మటాలు చూసి అది ఏ నవాబుగారి దేవిడీయో అనుకున్నాను. అప్పటికి నిజాం పాలన పోయి ఏళ్ళు గడిచినా మా ఇంట్లో పెద్దలు దాన్ని నిజాం రైలు అనే అనేవారు. ఇప్పుడు నేనుంటున్న బాలాపూర్‌కు వినాయకుడి లడ్డూ వేలంతో ఎంతో పేరుంది గాని రైలు స్టేషన్ లేదు. రైలు కూత వినాలంటే ఫలక్‌నుమాకో, మలక్‌పేటకో పోవాలి.

మా పెద్దబ్బాయి అమెరికాలో న్యూజెర్సీలోనూ, అమ్మాయి జర్మనీలోనూ ఉంటున్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు అక్కడి రైళ్ళు ఎక్కాను. వేగం, శుభ్రం చూసి సంతోషించాను. కాని గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఈ ఖర్చు ఏ పద్దు కింద పడుతుంది, ఎవరు భరిస్తున్నారు అన్న ప్రశ్నే మనసులో మెదిలింది. ఆ ప్రశ్న మన హైదరాబాదులో 1883లోనే పుట్టింది.

బొంబాయి - మద్రాసు మార్గంలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. 1883లో యూరప్‌లో పారిస్ నుంచి ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ అనే ప్రసిద్ధమైన రైలు మొదలైంది. సరిగ్గా ఆ సంవత్సరమే మన రైలు మార్గాన్ని పొడిగించడానికి లండన్‌లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. గ్యారంటీ అంటే పూచీ. వాటాదారులకు 20 ఏళ్ళ పాటు ఏటా 5 శాతం వడ్డీ అందేలా నిజాం ప్రభుత్వం పూచీ పడింది. రైలుకు రాబడి చాలకపోతే ఆ లోటు మన ఖజానా పూడ్చాలి.

ఈ షరతులు ఏమిటో ప్రజలకు చెప్పాలని నగరంలో కొందరు విద్యావంతులు అడిగారు. దానినే చందా రైలు ఆందోళన అంటారు. అందులో ముందు నిలిచినవారు అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం. అఘోరనాథ్ గారు సరోజినీ నాయుడు గారి తండ్రి. రైలు లెక్క అడిగిన పాపానికి ఆయనను 1883 మే నెలలో రాజ్యం నుంచి పంపించివేశారు. రైలు మార్గం మాత్రం ఆగలేదు. 1889 నాటికి కాజీపేట, డోర్నకల్ మీదుగా బెజవాడ చేరింది.

1930లో నిజాం ప్రభుత్వం కంపెనీని కొని రైల్వేను తన సొంతం చేసుకున్నది. 1932లో ఆ రైల్వేయే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ తెరిచింది. మన ఆర్టీసీకి పుట్టినిల్లు అదే. బస్సు నంబరులోని జెడ్ అక్షరం నిజాం గారి తల్లి జహ్రా బేగం పేరున పెట్టినదని అంటారు. రైలు, బస్సు ఒకే యజమాని కింద ఉండటం వల్ల ఒకదాని పొట్ట ఒకటి కొట్టవలసిన అవసరం లేకపోయింది. 1951 నాటికి రైల్వే కేంద్రానికి, బస్సులు రాష్ట్రానికి పోయాయి. అన్నదమ్ములు వేరుపడ్డట్టయింది.

ఇక అమెరికా సంగతి. అక్కడ ప్రయాణికుల రైళ్ళను నడిపినవి ప్రైవేటు కంపెనీలు. 1916లో ఆ దేశంలో 2,54,000 మైళ్ళ రైలు మార్గం ఉండేది. న్యూయార్క్ నుంచి చికాగోకు ట్వంటియెత్ సెంచురీ లిమిటెడ్ అనే రైలు 1938లో 16 గంటల్లో వెళ్ళేది. తరువాత ఇంటింటికీ కారు, విమానాలు వచ్చాయి. 1956 చట్టంతో ప్రభుత్వమే పెద్ద పెద్ద రహదారులు వేయించింది. 1967లో టపా రాబడి కూడా చాలావరకు పోయింది. ఆ ఏడాది డిసెంబరులోనే ఆ చికాగో రైలు ఆగిపోయింది. రోడ్డుకు పూచీ పడిన ప్రభుత్వం రైలుకు పడలేదు. చివరకు 1971 మే 1న ఆమ్‌ట్రాక్ అనే సంస్థను పెట్టి మిగిలిన రైళ్ళను నిలబెట్టింది. ఆ ఒక్కరోజే దాదాపు సగం రైళ్ళు రద్దయ్యాయి. నేను నెవార్క్ నుంచి వాషింగ్టన్‌కు వెళ్ళింది ఈ ఆమ్‌ట్రాక్‌లోనే. 65 ఏళ్ళు దాటినందుకు టిక్కెట్‌లో 10 శాతం తగ్గించారు. అంత సంపన్న దేశంలో వృద్ధుడని నన్ను గుర్తించినందుకు ముచ్చటేసింది.

యూరప్‌లో అంతా సవ్యంగా జరిగిందని కాదు. బ్రిటన్‌లో 1963లో బీచింగ్ అనే అధికారి నివేదిక రెండు వేలకు పైగా స్టేషన్లు మూసివేయమన్నది. అందులో చాలా మూతపడ్డాయి కూడా. అయినా అక్కడి ప్రభుత్వాలు మొత్తం మీద రైలును వదలలేదు. ఫ్రాన్స్ 1981లో పారిస్ - లియాన్ మధ్య అతివేగపు రైలు మొదలుపెట్టింది. లక్సెంబర్గ్ అనే చిన్న దేశం 2020 ఫిబ్రవరి 29 నుంచి రైళ్ళూ బస్సులూ అందరికీ ఉచితం చేసింది. జర్మనీ 2023 మే నెలలో, మొదట 49 యూరోలకు, ఒక నెలవారీ టిక్కెట్ పెట్టింది. దానితో దేశమంతటా స్థానిక రైళ్ళు, బస్సులు, ట్రాములు ఎక్కవచ్చు. మా అమ్మాయి అది చూపించినప్పుడు, 1932లో మనవాళ్ళు రైలునీ బస్సునీ ఒకే చూరు కిందికి తెచ్చిన సంగతి దానికి చెప్పాను.

మన దగ్గర 60 దాటిన పురుషులకు 40 శాతం, 58 దాటిన స్త్రీలకు 50 శాతం ఉండిన రైలు రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది. కోవిడ్ పోయింది గాని రాయితీ తిరిగి రాలేదు. మా పాత సహోద్యోగి భార్య ఒకామె, ఫ్యామిలీ పింఛనుదారు, మీర్‌పేటలో ఉంటుంది. మంచిర్యాలలో కూతురి దగ్గరికి పోవాలంటే ఆమెకు రైలే నయం. మోకాళ్ళ నొప్పికి లేచి నాలుగడుగులు వేయవచ్చు, మరుగుదొడ్డి ఉంటుంది. ఇప్పుడామె బస్సులోనే పోతున్నది. అడిగితే, "2023 డిసెంబరు నుంచి మాకు బస్సుకు పైస లేదన్నా. రైలుకేమో పూరా టికెటాయె. ఇగ రైలు బందు పెట్టిన" అన్నది. మోకాళ్ళ మాట మాత్రం ఎత్తలేదు.

ఈ సంగతి ఫోనులో చెబితే మా పెద్దబ్బాయి, "మరి ఆ డబ్బు ఎవరు కట్టాలి నాన్నా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ప్రతి ప్రయాణికుడికీ సగటున 46 శాతం రాయితీ ఇప్పటికే ఇస్తున్నామని రైల్వే మంత్రిగారు పార్లమెంటులో చెప్పారు. ఆ లెక్కను నేను కాదనను. కాని సగటు లెక్కలో ఆమె మోకాళ్ళు కనబడవు. పరిచయం లేని లండన్ వాటాదారుల వడ్డీకి 20 ఏళ్ళు పూచీ పడిన నేల ఇది. ఈ దేశానికి పన్నులు కట్టి, కొలువు చేసి, పిల్లలను పెంచి పెద్దచేసిన ముసలివాళ్ళ ప్రయాణానికి కొంత పూచీ పడమనడం అత్యాశ కాదని నా మనవి.

అఘోరనాథ్ గారిలా మనల్ని ఊరు నుంచి పంపించివేసే రోజులు కావివి. కనుక సంఘం తరఫున ఒక వినతిపత్రం రాద్దాం. డ్రాఫ్ట్ నేను తయారు చేస్తాను. సభ్యుల పరిశీలన నిమిత్తం, తగు ఉత్తర్వులకై సమర్పించడమైనది.