వాళ్ళు రాసుకోని చిట్టా

కొత్త సంవత్సరం వచ్చిందంటే మనలో చాలామందికి ఒక సరదా వుంటుంది. కాలెండరు వెనకో, పాల లెక్క పుస్తకం చివరి పేజీలోనో "ఈ ఏడాది చేయవలసినవి" అని ఒక చిట్టా రాసుకుంటాం. స్కూటరు నేర్చుకోవాలి, బ్యాంకు పనులు స్వయంగా చూసుకోవాలి, తోడు లేకుండా ఒక్కసారన్నా రైల్లో ప్రయాణం చేయాలి, నలుగురి ఎదుట లేచి నాలుగు మాటలు మాట్లాడాలి... ఉగాది నాటికి సగం మరిచిపోతాం. దసరా నాటికి ఆ కాగితమే కనపడదు. నవ్వుకోవడానికి చెప్పటంలేదు సుమండీ! వంటా వార్పూ, పిల్లల పరీక్షలూ, అత్తగారి మందులూ పోగా మిగిలిన కాస్త వేళలో తనకంటూ ఒక కొత్త పని పెట్టుకోవటం తేలికేమీ కాదు.

ఇవాళ నేను చెప్పబోయేది ఇంకో రకం చిట్టా. దాన్ని ఎవరూ కాగితంమీద పెట్టలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల ఆడవాళ్ళు ఎనభై ఏళ్ళ క్రితం ఒకదాని తరువాత ఒకటిగా, అంతకు ముందెన్నడూ చేయని పనులు చేసుకుంటూ పోయారు. "ఇది నేను మొట్టమొదటిసారి చేశాను" అని వెనక్కి తిరిగి లెక్క చూసుకునే అవకాశం వాళ్ళకి నలభై ఏళ్ళ తరువాతగాని రాలేదు.

హైదరాబాదునుంచి విజయవాడ వెళ్ళే బస్సులో మీరెప్పుడైనా ప్రయాణం చేసివుంటే సూర్యాపేటలో దిగి టీ తాగే వుంటారు. ఆ తరువాత కోదాడ. అది దాటితే ఆంధ్ర. మిర్యాలగూడ ఆ రోడ్డుమీద లేదు, దక్షిణంగా వెళ్ళాలి. నాగార్జునసాగర్ నీళ్ళు 1967లో కాలవలకి వదిలాక ఎడమ కాలవ కింద పొలాలు పచ్చబడ్డాయి. ఇప్పుడు మిర్యాలగూడ పేరు చెబితే బియ్యం మిల్లులే గుర్తొస్తాయి. మనం వండుకునే అన్నంలో ఆ వూరి బియ్యం ఎన్నిసార్లు వుడికివుంటాయో!

1940 ప్రాంతంలో ఈ పచ్చదనం లేదు. నల్లగొండ జిల్లా అంతా నిజాం ప్రభుత్వం కింద వుండేది. నిజాం ఎక్కడో హైదరాబాదులో వుండేవాడు. పల్లెలో మాత్రం దేశముఖే ప్రభువు. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి అనే ఒక్క భూస్వామి చేతికింద లక్షన్నర ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్యగారు తమ పుస్తకంలో రాశారు. దొర యింట్లో కూలీ లేకుండా చేసే చాకిరికి వెట్టి అని పేరు. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టాలి. కబురొస్తే పాలుతాగే పిల్లని పక్కన పడుకోబెట్టి అయినా ఆడది గడీకి వెళ్ళాలి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. మనం పట్టణాల్లో కూర్చుని "ఆనాడు స్త్రీలు గడప దాటేవారు కాదు" అని తేలిగ్గా అనేస్తాం. ఏ స్త్రీలండీ? భూస్వాముల ఇళ్ళ ఆడవాళ్ళు దాటేవారు కాదు, నిజమే. బండికి పరదా కట్టందే ప్రయాణం లేదు. కూలి ఇళ్ళ ఆడవాళ్ళు ఏనాడు గడప లోపల వున్నారు గనక? వాళ్ళు తెల్లారకముందే దాటేవారు, వాళ్ళ ఇష్టంతో నిమిత్తం లేకుండా. అందువల్ల ఒకరి చిట్టాలో మొదటి పని "బయటికి వెళ్ళటం" అయితే, రెండోవారి చిట్టాలో మొదటి పని "నేను రాను" అనటం. నన్నడిగితే రెండోదే కష్టం. బయటికి వచ్చిన దొరసానిని అయినవాళ్ళు తిడతారు, అంతే. రానన్న కూలిమనిషికి మాత్రం కొరడా వుండేది.

మార్పు ఒక్కరోజులో రాలేదు. 1930లో జోగిపేటలో నిజామాంధ్ర మహాసభ మొదటిసారి జరిగినప్పుడు పక్కనే ఆంధ్ర మహిళాసభ కూడా జరిగింది. నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షురాలు. చదువు, బాల్యవివాహాలు, ఘోషా, ఇటువంటి విషయాలమీద మాట్లాడుకున్నారు. సభకు వచ్చినవారు ఎక్కువగా వకీళ్ళ ఇళ్ళవారు, కలిగిన కుటుంబాలవారు. తరువాత 1941లో కోదాడకు దగ్గరలోని చిలుకూరులో మహాసభ జరిగింది. రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులు. అప్పటినుంచి మహాసభ ధోరణి మారింది. పల్లెల్లోకి దిగి వెట్టి సంగతి ఎత్తుకుంది. జనం దాన్ని ముద్దుగా "సంగం" అన్నారు. సంగం వచ్చిన వూళ్ళో ఆడవాళ్ళకి మొదటిసారిగా దొరకిన అండ అది. ఆనాటి నల్లగొండ జిల్లాలోనే వున్న పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకి తీసుకుని పండించిన పంటని విసునూరు దేశముఖు మనుషులకి దక్కనివ్వకుండా ఇంటికి చేర్చుకున్నది ఈ అండతోనే. వడ్లు ఇంటికి తెచ్చుకోవటం కూడా సాహసకార్యమేనా అనిపిస్తుంది మనకి. ఆవిడకి అయింది.

సూర్యాపేట వైపు తుంగతుర్తి దగ్గర కర్విరాల కొత్తగూడెంలో భీమిరెడ్డివారిది భూస్వామి కుటుంబం. ఆ ఇంటి ఆడపిల్లకి గాంధీగారి పిలుపుమీద అభిమానంతో స్వరాజ్యం అని పేరు పెట్టారు. పుట్టింది 1931లో. తండ్రి రామిరెడ్డి, తల్లి చొక్కమ్మ. అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి తరువాత దళాలకు నాయకుడై, ఇంకా తరువాత మిర్యాలగూడనుంచి పార్లమెంటుకు మూడుసార్లు వెళ్ళాడు. మనం మల్లు స్వరాజ్యం అని పిలుచుకునేది ఈ అమ్మాయినే. పదేళ్ళ వయసులో గోర్కీ "అమ్మ" నవల ఆమె మనసుకి పట్టింది. పదకొండో ఏట, ఆంధ్రమహాసభ పిలుపు విని, తమ ఇంటి ధాన్యం వెట్టివాళ్ళకి పంచిపెట్టింది.

పదకొండో ఏడు! ఆ వయసులో మన ఇంటి పిల్ల బియ్యం డబ్బా తెరిచి పక్కింటి పనిమనిషికి పోస్తే మనం ఏమంటామో ఎవరికి వారం ఆలోచించుకోవచ్చు. స్వరాజ్యంగారి విషయంలో తల్లి అడ్డుపడలేదు. చొక్కమ్మగారి పేరు చరిత్రపుస్తకాల్లో ఒక్క వాక్యానికి మించి వుండదు. నాకు మాత్రం ఆ తల్లిమీదే దృష్టి పోతుంది. పిల్ల చేసినది కొత్త పనే, కాదనను. చూస్తూ వూరుకోవటం, ఆ తరువాత తోడు నిలవటం తల్లికి ఎంత కొత్త పని! బంధువుల మాటలు పడవలసింది ఆవిడే కదా.

తరువాత ఆ పిల్ల పాట అందుకుంది. ఉపన్యాసం అంటే పల్లె ఆడవాళ్ళు లేచిపోతారు. బతుకమ్మ ఆడేటప్పుడు పాడే ఉయ్యాల వరస అయితే చుట్టూ చేరతారు. ఆ వరసలోనే వెట్టి సంగతీ, దొర దౌర్జన్యమూ కట్టి పాడింది. పాట అయ్యాక నాలుగు మాటలు. మైకుముందు నోరెండిపోవటం ఎలా వుంటుందో రేడియో స్టూడియోలో మొదటిసారి కూర్చున్న ఎవరికైనా తెలుసు. ఆవిడకు మైకు కూడా లేదు, వింటున్నవాళ్ళలో దొర మనుషులు వుండనే వుండేవారు.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యని కాల్చి చంపారు. అక్కడినుంచి వ్యవహారం ముదిరింది. ఆ ఏడు ఆఖరికి సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాల పల్లెలమీద పోలీసులు విరుచుకుపడ్డారు. జనం చేతిలో ఏముంది? కర్ర, వడిసెల రాయి. ఆడవాళ్ళు వంటింట్లోవే ఆయుధాలు చేసుకున్నారు. రోకలి, కారప్పొడి. మనం రోజూ పోపులో వేసుకునే కారమే! 1947 సెప్టెంబరు 11న సాయుధపోరాటానికి పిలుపు వచ్చింది. అప్పటికి స్వరాజ్యంగారికి పదహారేళ్ళు. తుపాకి పట్టటం నేర్చుకున్నారు. "రాజక్క" అని మారుపేరు పెట్టుకున్నారు. ఆవిడని పట్టిచ్చినవారికి పదివేల రూపాయలు బహుమానం ప్రకటించారు. పోలీసులకి ఆవిడ దొరకనేలేదు.

తుపాకి సంగతి అందరూ చెబుతారు. నాకు ఆసక్తి కలిగించేవి ఇంకా చిన్నవి. చీకట్లో దీపం లేకుండా కోసులకొద్దీ నడవటం. ఈ రాత్రి ఎక్కడ పడుకుంటామో తెలియకపోవటం. రెడ్డి యింటి పిల్ల మాదిగవాడలో కంచం ముందు కూర్చుని తినటం. అయినవాళ్ళు కానివారి మధ్య, మగవాళ్ళు ఎక్కువగా వున్న దళంలో రోజులు గడపటం. నెలనెలా వచ్చే ఇబ్బంది అడవిలో ఎలా గడిపివుంటారో మగ చరిత్రకారులు రాయరు, మనం వూహించుకోవలసిందే. కోదాడ దాటితే అప్పట్లో మద్రాసు రాష్ట్రపు కృష్ణాజిల్లా. నిజాం గడ్డ మధ్యలోనే మునగాల పరగణా కూడా ఆ కృష్ణాజిల్లాకే చెందివుండేది. అంటే పక్క వూరికి పోతే చాలు, ఇంకో ప్రభుత్వం కింద వున్నట్టు. రజాకార్ల దాడులప్పుడు పిల్లల్ని చంకనేసుకుని, మూట నెత్తిన పెట్టుకుని ఎల్ల దాటిన ఇల్లాళ్ళెందరో. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. పుట్టి బుద్ధెరిగాక పుట్టిల్లు, అత్తిల్లు తప్ప మూడో వూరు ఎరగని మనిషికి అది ఎంత దూరమో మైళ్ళలో చెప్పలేం.

అన్నీ సంతోషంగా చేసిన పనులనుకుంటే పొరపాటు. కమలమ్మ అనే ఆవిడ దళంలో వుండగానే బిడ్డని కన్నది. పసిబిడ్డ ఏడిస్తే దళం జాడ బయటపడుతుంది. బిడ్డని ఇతరుల చేతికి ఇచ్చేసి ముందుకు నడిచింది. ఈ సంగతి ఆవిడే తరువాత చెప్పుకుంది. దీన్ని ధైర్యమనాలో, దారుణమనాలో నాకు తోచదు. ఆ మాట అనే హక్కు ఆవిడ ఒక్కతెకే వుంది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాం లొంగిపోయాడు. అయినా దళాలు ఆయుధాలు దించలేదు. ఇంకో మూడేళ్ళు పోరాటం సాగింది, ఈసారి భారత సైన్యంతో. పల్లెల్లో ఆడవాళ్ళు పడిన హింస చెప్పనలవి కాదు. 1951 అక్టోబరు 21న పోరాటం విరమించారు. మరుసటి ఏడు ఎన్నికలొచ్చాయి. నల్లగొండనుంచి రావి నారాయణరెడ్డిగారు నెహ్రూగారికంటే ఎక్కువ ఓట్లతో గెలిచారని ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్ళయిన తరువాత హైదరాబాదులో చదువుకుని, భర్తతోపాటు దళంలో తిరిగిన ఆరుట్ల కమలాదేవిగారు ఆలేరునుంచి శాసనసభకు వెళ్ళారు. బాగానే వుంది. మిగతావాళ్ళ సంగతి?

మిగతావాళ్ళని ఇళ్ళకి వెళ్ళమన్నారు. వెళ్ళి సంసారాలు చేసుకోమన్నారు. అయిదారేళ్ళు అడవిలో తిరిగి, సభల్లో మాట్లాడి, గాయాలకు కట్లుకట్టి, ఉత్తరాలు మోసి, ఇరవై దాటకుండానే పది వూళ్ళవాళ్ళకి పెద్దదిక్కయిన పిల్ల, తిరిగి వచ్చి పొయ్యి ముందు కూర్చోవాలి. నేర్చుకున్నదంతా ఏం చేసుకోవాలి? ఇన్నాళ్ళు మగవాళ్ళతో తిరిగిందని పెళ్ళికి వంకలు. పెళ్ళయితే ఆ సంగతి ఎత్తొద్దని ఆంక్షలు. బయటికి వెళ్ళటం నేర్పినవారే, నేర్చుకున్న విద్య ఎక్కడ వాడుకోవాలో చెప్పలేదు. పోరాటం గెలిచిందా ఓడిందా అని పెద్దలు ఇంకా వాదించుకుంటూనే వున్నారు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆ పోరాటం తన ఆడపిల్లలకి బాకీపడిందని నేను గట్టిగా చెబుతాను.

ఆ బాకీ సంగతి మొదట బయటపెట్టినది కూడా స్త్రీలే. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటనవారు ఆ పాత దళసభ్యుల ఇళ్ళకి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, వాళ్ళు చెప్పినది చెప్పినట్టు రాసుకుని 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అనే పుస్తకం వేశారు. అప్పటికి ఆ పిల్లలంతా మనవలనెత్తుకున్న అమ్మమ్మలు, నాయనమ్మలు. నలభై ఏళ్ళుగా ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు. అడిగేసరికి ఏ వూళ్ళో ఏ రాత్రి ఏం తిన్నామో కూడా గుర్తు చేసుకున్నారు. దొరికితే తప్పక చదవండి. మన ఇళ్ళలో కూడా ఒక మూల కూర్చుని వత్తులు చేసుకునే పెద్దావిడ వుంటారు. ఆవిడ పద్దెనిమిదేళ్ళప్పుడు ఏం చేసేదో మీలో ఎంతమంది అడిగారు?

స్వరాజ్యంగారు మాత్రం ఇంటికి వెళ్ళి కూర్చోలేదు. 1954లో మల్లు వెంకటనరసింహారెడ్డిగారిని పెళ్ళాడి, పిల్లల్ని పెంచుతూనే పని సాగించారు. 1978లోనూ, 1983లోనూ తుంగతుర్తినుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. మొదటిసారి సభలో అడుగుపెట్టేనాటికి నలభై ఏడేళ్ళు. ఆ వయసుకి మనలో చాలామందిమి "ఇంకేం చేస్తాంలే" అనేస్తాం. 1990 తరువాత నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకినప్పుడు, అరవై దాటిన ఈవిడ నల్లగొండ పల్లెల్లో మళ్ళీ ఆడవాళ్ళని వెంటబెట్టుకుని తిరిగారు. 2019లో "నా మాటే తుపాకీ తూటా" అనే పేరుతో ఆత్మకథ వచ్చింది. అప్పటికి ఎనభై ఎనిమిదేళ్ళు. అంతవరకు చెబుతూ వచ్చిన కథని పుస్తకంగా చూసుకోవటం, అదీ ఒక కొత్త పనే.

2022 మార్చి 19న హైదరాబాదులో కన్నుమూశారు. దేహాన్ని దహనం చేయలేదు, ఖననమూ చేయలేదు. హైదరాబాదునుంచి నల్లగొండకి తీసుకువెళ్ళి, డాక్టరు చదువు చదివే పిల్లలకి ఉపయోగపడాలని అక్కడి వైద్యకళాశాలకి అప్పగించారు.