సారా లెక్కలో రాని పద్దు

నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం గురించి మనం ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్న కథ చాలా సూటిగా ఉంటుంది. 1991లో జిల్లాలో అక్షరాస్యతా కార్యక్రమం మొదలైంది, వాచకంలో సీతమ్మ కథ చదివారు, దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు, ఉద్యమం ఊరూరా పాకింది, సారా పోయింది. సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక ఒక పాఠం అంత పని చేసిందంటే నాకూ గర్వమే. కానీ ఒక కారణం, ఒక ఫలితం తప్ప ఇంకేమీ లేని ఈ కథ, 1997లో మద్యం మళ్లీ ఎలా వచ్చిందో చెప్పలేదు.

1972 నాటి 'లిమిట్స్ టు గ్రోత్' రచయితల్లో ఒకరైన డొనెల్లా మెడోస్ రాసినవి చదువుతున్నప్పుడు నాకు నెల్లూరే గుర్తొచ్చింది. ఏ సమస్యనీ విడి సంఘటనగా కాక, ఒకదాన్నొకటి ఎగదోసుకునే, అదుపు చేసుకునే సంబంధాల అల్లికగా చూడమంటుందామె. చాలీచాలని కూలితో ఇల్లు నడిపే ఆడవాళ్లకు ఇది తెలియని విషయమేం కాదు. వాళ్లు దానికి శాస్త్రమని పేరు పెట్టుకోలేదంతే.

ఆ అల్లికను ఒకసారి చూద్దాం. 1983లో అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. దానికి డబ్బు కావాలి. అదే దశాబ్దంలో 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో నింపి అమ్మించే ఏర్పాటు జరిగింది. 1970-71లో నలభై కోట్ల లోపున్న ఎక్సైజు ఆదాయం 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. ఏటా జరిగే వేలంలో పాటదారు ఎంత పెంచి పాడితే అంత ఎక్కువ అమ్ముకోవాలి. కనుక అంగడి దాకా నడవాల్సిన పని లేకుండా ప్యాకెట్టే వాడలోకి, గడప దాకా వచ్చింది. మగవాడి కూలి అటు పోతే, ఇంటి తిండి ఆడదాని కూలి మీదా, ఆ చౌక బియ్యం మీదా పడింది. బియ్యం మీద తగ్గించిన డబ్బును సారా మీద రాబట్టుకుంటున్నారన్న సంగతి ఉద్యమంలోని ఆడవాళ్లకు స్పష్టంగా తెలుసు. మొగుళ్లను నిలదీయడంతో ఆగకుండా వాళ్లు వేలంపాటల్ని అడ్డుకోవడం నాకు అందుకే ముఖ్యమనిపిస్తుంది. నెల్లూరులో వేలం మళ్లీ మళ్లీ వాయిదా పడింది.

పన్నులు, రాయితీల వంటి అంకెల్ని మార్చితే వ్యవస్థ పెద్దగా కదలదనీ, దాని నియమాల్ని, లక్ష్యాన్ని మార్చితేనే కదులుతుందనీ మెడోస్ వాదన. నెల్లూరు ఆడవాళ్లు చెయ్యి వేసింది సరిగ్గా ఆ లక్ష్యం మీదే. రాజ్యం మాత్రం సరుకును నిషేధించి, లక్ష్యాన్ని ఉన్నచోటే ఉంచింది. 1993 ఏప్రిల్లో నెల్లూరులో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. బ్రాందీ షాపులు ఆగలేదు. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఖజానాకు పడిన గండిని పూడ్చే వేరే దారి వెయ్యలేదు. 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. మరుసటి ఏడు నిషేధం ఎత్తేశారు. అప్పటి వాదనల్లో కోల్పోయిన ఆదాయానికి అంకె ఉంది. తగ్గిన దెబ్బలకూ, పొయ్యి మీదికెక్కిన కుండకూ బడ్జెట్లో పద్దు లేదు.

ఇంకో పాయ ఉంది. దాని గురించి మనం తక్కువ మాట్లాడాం. సారా ఉద్యమంలో కూడగట్టుకున్న బలాన్ని అధికారులు 'పొదుపు లక్ష్మి' వైపు మళ్లించారు. రోజుకో రూపాయి దాచుకోవడాన్ని నేను చిన్నచూపు చూడను; ఆ రూపాయి చాలామందికి తమదంటూ మిగిలిన మొదటి డబ్బు. కానీ వేలాన్ని ఆపిన సమూహం వాయిదాలు కట్టే సమూహంగా మారింది. రాజ్యాన్ని ప్రశ్నించిన వాళ్లు ఒకరికొకరు జామీను అయ్యారు. ఒకరు కట్టకపోతే మిగిలినవాళ్లు ఆమె ఇంటి ముందు నిలబడాలి. ఉద్యమం నేర్పిన ఐకమత్యమే వసూలుకు సాధనమైంది. అలా సిద్ధమైన నేల మీదికే సూక్ష్మరుణ కంపెనీలు వచ్చాయి. 2010 నాటికి అప్పుల ఒత్తిడితో ఆత్మహత్యల వార్తలు వచ్చాక, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వాయిదాలు వసూలు చేయడానికి ఇళ్ల దగ్గరికి వెళ్లకూడదనీ, పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలాల్లోనే తీసుకోవాలనీ అందులో ఉంది. ఒకప్పుడు సారా ప్యాకెట్టు నడిచొచ్చిన గడప దాకా అప్పుల ఏజెంటు వచ్చేశాకే ఆ నియమం రాయాల్సి వచ్చింది.