ఉప్పు కొఠారు గుమ్మంలో

జనవరి. తెల్లవారుజాము మూడున్నర. క్లీవ్‌లాండ్ శివార్లలో హైవేల యార్డు. ఈరీ సరస్సు మీంచి వచ్చే గాలికి చెవులు తెగిపోతున్నాయి. మైనస్ 6. మీ బూట్ల కింద కరకరలాడుతున్నది లారీల నుంచి రాలిన రాతి ఉప్పు, రోడ్ల మీద మంచు కరిగించడానికి చల్లేది. ఈ సరస్సు అడుగున, సుమారు 1,800 అడుగుల లోతులో తవ్వి తీస్తారు దీన్ని.

ముందు పాత కొఠారులోకి రండి. చెక్క గుమ్మటం. లోపల కళ్లంలో ధాన్యంలా ఉప్పురాశి. పోసిన ఉప్పు తనంతట తాను దాదాపు 32 డిగ్రీల వాలులో నిలుస్తుంది. కప్పునూ ఆ వాలుకే దించారు, ఖాళీ చోటుకు డబ్బు పోయలేదు. అడుగున వంద అడుగుల వెడల్పు, 31 అడుగుల ఎత్తు రాశి అంటే ఇంచుమించు 3,000 టన్నులు. చెక్కకు తుప్పు గొడవా లేదు. చిక్కల్లా, సరుకు తెచ్చిన లారీ ఇందులో తొట్టి ఎత్తలేదు. ఆరుబయట గుమ్మరిస్తే లోడరు లోపలికి తోయాలి. ఆలోగా వాన పడిందో, అంతే.

పక్కన కొత్తది: ఇనుప కమానుల మీద బిగించిన తెల్లటి గుడ్డ. త్వరగా లేస్తుంది, మొదట్లో చౌక, లారీ లోపలే తొట్టి ఎత్తేస్తుంది. అయితే కొన్నేళ్లకు గుడ్డ మార్చాలి. జింకు పూత ఉన్నా కమానుల్ని ఉప్పు వదలదు. కొటేషన్లో మొదటి అంకె చూసి మురిసేవాళ్లకు ఈ ఖర్చు కంటికి ఆనదు.

నన్నడిగితే కప్పు కన్నా ముందు నేల చూడమంటాను. తారు నేల బయటికి వాలాలి, తలుపు గాలివాటుకు ఎదురు ఉండకూడదు. మన నౌపడలో ఉప్పురాశుల మీద తాటాకు కప్పేదీ వాన భయంతోనే. తడిసిన ఉప్పు కొంత కరిగిపోతుంది, మిగిలింది గడ్డకట్టి ఉప్పు చల్లే యంత్రంలో ఇరుక్కుంటుంది. కరిగింది బావుల్లోకి, వాగుల్లోకి చేరుతుంది. ఒక్క టీ చెంచాడు ఉప్పు 19 లీటర్ల మంచినీటిని జలచరాలకు చేటుగా మార్చేస్తుంది.

ఇలా గుమ్మం దగ్గరికి రండి. యార్డంతా గడ్డకట్టినా ఈ చిన్న మడుగు మాత్రం నీళ్లుగానే ఉంది, చూశారా? లోడరు డ్రైవరు దిగి, చుట్టూ రాలిన ఉప్పును పారతో లోపలికి ఎగదోస్తున్నాడు. వెనక కీ కీమంటూ ఇంకో లారీ వస్తోంది. జరగండి.