మూడవ రిచర్డ్: చరిత్రలో రాజు, రంగస్థలంపై ప్రతినాయకుడు

ఇంగ్లండ్‌ను 1483 నుంచి 1485 వరకు పాలించిన మూడవ రిచర్డ్ పేరు వినగానే ఎక్కువ మందికి గుర్తుకు వచ్చేది విలియం షేక్‌స్పియర్ 1590వ దశకంలో తీర్చిదిద్దిన గూని ప్రతినాయకుడే.

నాటక రచనాకాలంలో సింహాసనంపై ఉన్నది మొదటి ఎలిజబెత్. బోస్‌వర్త్ యుద్ధంలో రిచర్డ్‌ను ఓడించి రాజ్యాన్ని చేజిక్కించుకున్న ఏడవ హెన్రీకి ఆమె మనుమరాలు. షేక్‌స్పియర్‌కు ఆధారమైన చరిత్ర గ్రంథాలు సైతం ఆ ట్యూడర్ వంశ పాలనలో వెలువడినవే.

కాలక్రమం కూడా కథకు అనుగుణంగా మారింది. 1455 నాటి సెయింట్ ఆల్బన్స్ యుద్ధంలో సోమర్సెట్ ప్రభువును రిచర్డ్ వధించినట్లు 'ఆరవ హెన్రీ' రెండవ భాగం చూపుతుంది. అప్పటికి రిచర్డ్‌కు మూడేళ్లు నిండలేదు. సోదరుడు క్లారెన్స్ మరణం రిచర్డ్ కుట్ర ఫలితమని 'మూడవ రిచర్డ్' నాటకం చెబుతుంది. వాస్తవానికి 1478లో అతనిపై రాజద్రోహ నేరం మోపి మరణశిక్ష అమలు చేయించింది వారి అన్న, నాలుగవ ఎడ్వర్డ్.

2012లో లెస్టర్ నగరంలో ఒక కారు పార్కింగ్ స్థలం కింద బయల్పడిన అస్థిపంజరం రిచర్డ్‌దేనని డీఎన్‌ఏ తదితర పరీక్షల అనంతరం 2013లో ప్రకటించారు. వెన్నెముక పక్కకు వంగి ఉంది. నాటకంలో ప్రస్తావించిన ఎండిపోయిన చేతికి మాత్రం ఆనవాళ్లు లేవు.

అయితే ఆ ఎముకలు రిచర్డ్‌ను నిర్దోషిగా నిలబెట్టలేదు. నాలుగవ ఎడ్వర్డ్ కుమారులిద్దరూ 1483లో లండన్ టవర్‌లో ఉండగా అదృశ్యమయ్యారు. వారిని రిచర్డే చంపించాడని నాటకం తీర్పు చెబుతుంది. చరిత్రకారుల మధ్య ఆ వివాదం నేటికీ ముగియలేదు.