పోయిన పండ్లు – పెట్టుడు పండ్లు

మన పురాణములలో పండ్లు లేని దేవుడొకడు కలడు. దక్షయజ్ఞ ధ్వంసమున వీరభద్రుడు పూషుని పండ్లు రాలగొట్టెననియు, నాటినుండి ఆ దేవునకు పిండి పదార్థమే ఆహార మాయెననియు పెద్దలు చెప్పుదురు. లేపాక్షి వీరభద్రుని సేవించి వచ్చిన మన హోసూరు ప్రాంతపు తెలుగు కుటుంబములకు ఈ కథ క్రొత్త గాదు. అయితే దీనికి రెండవ భాగ మొకటి గలదని యెఱిగినవారు తక్కువ. పూషుని రాలిన పండ్లకు అశ్వినీదేవతలు చికిత్స చేసిరని చరకసంహిత చికిత్సాస్థానమున చెప్పబడినది. ఏ పదార్థముతో, ఏ రీతిని చేసిరో ఆ శ్లోకమున లేదు. కావున వేదకాలముననే దవడలో పండ్లు నాటు విద్య మనకుండెనని సభలలో పలుకుట నాకు సమ్మతము కాదు. సుశ్రుతుడు దంతరోగములను విపులముగ వర్ణించిన మాట నిజము. ఆ గొప్ప చాలును.

పండ్లు పోయిన పెద్దలకు మన పల్లెలలో ఆధారమైనది వైద్యముకంటె వంటయే. జూజువాడి, మత్తిగిరి, బాగలూరు ప్రాంతములలో రాగిముద్దను నమలరు, పులుసులో అద్ది మ్రింగుదురు. పూషునకు పిండి యెట్లో, మన తాతలకు రాగి యట్లు. ఆకు వక్కలను చిన్న రోటిలో దంచి నోట వేసికొనెడి ముసలమ్మలను నా వయస్సువా రందఱును చూచియే యుందురు. కాని పల్లీలు, చెఱకు, జామపండు వారికి దూరమాయెను, మాట తొస్సిపోయెను, బుగ్గలు లోపలికి పీకుకొనిపోయెను. వయస్సు వచ్చినచో ఇంతే యని సరిపెట్టుకొనిరి.

ఇతర దేశములవారు ఈ విషయమున చాల శ్రమపడిరి. ఇటలీ దేశపు ఎట్రుస్కనులు క్రీస్తుపూర్వము ఏడవ శతాబ్దము నాటికే బంగారు పట్టీలతో మారుపన్నును ప్రక్క పండ్లకు బిగించిరి. మనము ‘కట్టుడుపన్ను’ అను మాట వారి పనికి చక్కగ సరిపోవును. జపానున 1538లో మరణించిన ఒక బౌద్ధసన్న్యాసిని వాడిన కొయ్యపండ్ల వరుస నేటికిని భద్రముగ నున్నది. అమెరికా అధ్యక్షుడైన జార్జి వాషింగ్టను 1789లో పదవి స్వీకరించునాటికి ఆయన నోట మిగిలిన సొంత పన్ను ఒక్కటియే. ఆయన పెట్టుడుపండ్లు కొయ్యవని లోకమున ప్రచారము కలదు. నిజమునకు వానిలో వాడినవి దంతము, సీసము, మనుష్యుల పండ్లు. 1815 వాటర్లూ యుద్ధమున చచ్చిన సైనికుల పండ్లు పెఱికి అమ్మినవారును కలరు. ధనికుని చిఱునవ్వు వెనుక పేదవాని నోరుండెను. పింగాణి పండ్లు, 1850 తరువాత గట్టిపఱచిన రబ్బరు పలకలు వచ్చిన పిదపనే ఆ క్రయము తగ్గి, సామాన్యులకును పెట్టుడుపండ్లు అందినవి.

మన దేశమున డాక్టరు రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాయందు మొదటి దంతవైద్య కళాశాలను స్థాపించెను. చీనానుండి వచ్చి స్థిరపడిన కుటుంబములవారును మదరాసు, కలకత్తాలలో పెట్టుడుపండ్ల పనికి పేరుపడిరి. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చెను. 1953లో మదరాసునను, 1958లో బెంగుళూరునను, 1959లో హైదరాబాదునను ప్రభుత్వ దంతవైద్య విద్య మొదలయ్యెను. సరిహద్దున నున్న జూజువాడివారికి సహజముగ బెంగుళూరే చేరువ.

ఇంతవఱకు జెప్పిన పండ్లన్నియు చిగుళ్ళపై కూర్చున్నవి, లేదా ప్రక్క పండ్లను పట్టుకొని వ్రేలాడినవి. పన్ను పోయిన చోట ఎముక క్రమముగ అరుగును. అందుచే నేడు సరిపోయిన పండ్లవరుస కొన్ని యేండ్లకు వదులగును. ఎముకలోనే లోహపు వేరును నాటుటకు యత్నించినవారు లేకపోలేదు గాని, దేహము దానిని పరాయిదిగ నెంచి త్రోసివేయుట తఱచు జరిగెను.

చిక్కు విడినది అనుకొనని రీతిని. 1952లో స్వీడను శాస్త్రజ్ఞుడు బ్రానెమార్కు కుందేటి ఎముకలో రక్తప్రసారము చూచుటకు టైటానియము పరికరము నమర్చెను. పని ముగిసి తీయబోగా అది రాలేదు. ఎముక దానిని తనలో కలుపుకొనెను. ఇట్టి పరికరములు వెలగలవి కనుక తిరిగి వాడదలచినవానికి ఇది నష్టమే. ఆయన ఆ నష్టమునే పరిశీలింప మొదలిడెను. 1965లో, పుట్టుకతోనే దవడ లోపముండిన ఒక రోగికి టైటానియము మరలను నాటెను. 2006లో ఆ రోగి మరణించు వఱకు అవి నిలిచెను. వైద్యలోకము మాత్రము చాలకాలము నమ్మలేదు. 1982లో కెనడాలోని టొరంటో సభ జరిగిన తరువాతనే ఈ పద్ధతి దేశదేశములకు వ్యాపించెను.

ఇచట నొక ముచ్చట. హోసూరువారికి ‘టైటాన్’ అనగానే గడియారముల కర్మాగారము తలపునకు వచ్చును. ఆ పేరు టాటా ఇండస్ట్రీస్, తమిళనాడు అను పేర్ల అక్షరములతో కూర్చినది; లోహపు పేరు గ్రీకు పురాణపు టైటాను లనుండి వచ్చినది. రెంటికిని చుట్టఱికము లేదు.

నేటి పద్ధతిలో ఎముకలో మర, దానిపై చిన్న స్తంభము, ఆపై పింగాణితోనో జిర్కోనియాతోనో చేసిన తొడుగు ఉండును. మర ఎముకతో కలియుటకు కొన్ని నెలలు ఓపిక పట్టవలెను. అదుపులేని మధుమేహము, పొగత్రాగుట, చిగుళ్ళ వ్యాధి దీనికి శత్రువులు. ఖర్చును తక్కువ గాదు. అప్పుచేసి నాటించుకొనుటకంటె చక్కగ అమరిన పెట్టుడువరుస మేలని నా తలంపు. అందు చిన్నతన మేమియు లేదు.

తొడుగుల ప్రసక్తి వచ్చినది గావున మన నీటి మాట విడువరాదు. నీటిలోని ఫ్లోరైడు వలన కలుగు వ్యాధిని 1937లో, నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములనుండి వైద్యులు లోకమునకు తెలిపిరి. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల బోరునీటిలోను ఈ దోషము కలదు. గోధుమరంగు చారలతో గుంటలు పడిన పండ్లకు పెద్దయిన పిదప తొడుగులు వేయించుకొనుచున్నారు. కాని ఆ చెఱుపు ఎనిమిదేండ్ల లోపల, పంటి పైపొర ఏర్పడునప్పుడే జరుగును. 2013లో హొగెనక్కల్ త్రాగునీటి పథకము కావేరి నీటిని ఈ రెండు జిల్లాలకు తెచ్చెను. ఆ యేట పుట్టిన పిల్లలకు ఇప్పుడు పాలపండ్లు ఊడి, శాశ్వతదంతములు వచ్చియున్నవి. ఇంటివారు వానిని ఒకమాఱు వెలుతురున జూచి, నేటికిని బోరునీరే త్రాగుచున్నచో ఆ నీటిని పరీక్షకు పంపవలెను.