రోకలికి పేటెంటు లేదు

హల్లర్ అనే మాట తెలియని తెలుగు ఊరు ఉండదేమో. హల్లర్ మిల్లు, హల్లర్ బియ్యం అంటూ దాన్ని మనం ఎప్పుడో మన మాట చేసేసుకున్నాం. దాని వెనకున్న మనిషి పేరు మాత్రం ఇంజనీరింగు పుస్తకాల్లోనే ఉండిపోయింది. ఎవరిస్తో కొన్రాడో ఎంగెల్‌బర్గ్. బ్రెజిల్ దేశస్తుడు. కాఫీ గింజల పైపొట్టు తీయడానికీ, వడ్లను బియ్యం చేయడానికీ పనికొచ్చే యంత్రాన్ని 1885లో తయారుచేశాడు. ఆ హక్కుల ఆధారంగా 1888లో అమెరికాలోని సిరక్యూస్ పట్టణంలో ఒక కంపెనీ వెలిసింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ఆ రకం యంత్రం వరి పండే దేశాలకు పాకింది. పేటెంటు గడువు తీరాక మన ఊళ్ల ఇనప ఫౌండ్రీలు కూడా దాన్ని పోతపోయడం మొదలుపెట్టాయి.

చూడడానికి చాలా సాదా యంత్రం. ఇనప గొట్టంలో, ఒంటిమీద గాళ్లు తీసిన పోత ఇనప రోలరు తిరుగుతుంది. గొట్టం కింది సగం చిల్లుల రేకు. పక్కన ఒక ఉక్కు బద్ద ఉంటుంది. దాన్ని రోలరుకు దగ్గరగా జరిపితే రాపిడి పెరుగుతుంది, దూరం జరిపితే తగ్గుతుంది. ఒకవైపు వడ్లు పోస్తే రెండోవైపు తెల్లటి బియ్యం వస్తాయి. ఊక, తవుడు, కొంత నూక కలగలిసిపోయి చిల్లుల్లోంచి కింద పడతాయి. ఈ కలగలిసిపోవడం దగ్గరికి మళ్లీ వస్తాను.

పేటెంటు పత్రంలో రాసేది ఇంతే. ఏ భాగం ఎలా తిరుగుతుంది, ఏది దేనికి తగులుతుంది, ఇందులో కొత్తది, నాది అని చెప్పుకునేది ఏమిటి. ఇంతకుముందు ఈ పని ఎవరు చేసేవారు, యంత్రం వచ్చాక వాళ్లేం చేస్తారు అని అడిగే గడి అందులో లేదు. సాహిత్యం చదువుకున్నదాన్ని, మీర్‌పేటలో కాపురముంటూ ఈ ఇనప సామాను చరిత్ర నాకెందుకంటే, ఆ లేని గడి కోసమే. మా వీధిలో ఒక పిండి గిర్ని, దాని పక్కన రెండు కుట్టుమిషన్లు ఉన్నాయి. యాచారం నుంచీ నల్లగొండ నుంచీ బతకడానికొచ్చిన ఆడవాళ్లు వాటి ముందు నిలబడి ఉంటారు. ఆ మూడు యంత్రాలూ ఆడవాళ్ల చేతుల్లోని పనిని తీసుకున్నవే.

మన దేశంలో పేటెంటు కథ మొదలవడమే ఇలా మొదలైంది. 1856లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం కొత్త యంత్రాలు కనిపెట్టినవాళ్లకు ప్రత్యేక హక్కులిస్తూ చట్టం చేసింది. ఆ ఏడాదే మొదటి హక్కు అడిగినవాడు కలకత్తాకు చెందిన జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెనింగ్. దేనికో తెలుసా? పంకా లాగే యంత్రానికి. దొర గదిలో నిద్రపోతుంటే వరండాలో కూర్చుని తాడు లాగే మనిషి స్థానంలో ఒక యంత్రం. ఆ తర్వాత చట్టాలు మారుతూ 1911 నాటి పేటెంట్ల, డిజైన్ల చట్టం దాకా వచ్చాయి. అది బ్రిటిష్ ఇండియాకే వర్తించేది. నిజాం రాజ్యంలో ఉన్న ఇబ్రహీంపట్నం దాని పరిధిలో లేదు. యంత్రాలకు మాత్రం ఆ హద్దు అడ్డం రాలేదు.

ఇక రోలూ రోకలీ. వీటిని మనం పనిముట్లు అనుకుంటాం గానీ యంత్రాలు అనుకోం. రోకలి చివర ఇనప పొన్ను ఉంటుంది. గింజను చితక్కొట్టకుండా పైపొట్టును ఊడగొట్టేది అదే. రోటి మీద కుందెన పెడతారు, దెబ్బకు గింజలు ఎగిరి బయటపడకుండా. ఒకే రోట్లో ఇద్దరు, ముగ్గురు కలిసి దంచుతారు. రోకళ్లు ఒకదానికొకటి తగలకుండా చూసేది పాట. రోకటి పాటల్ని మన జానపద సాహిత్య పరిశోధకులు లయ కోసం, భావం కోసం చదివారు. శ్రమ తెలియకుండా పాడుకునేవారు అని రాశారు. నిజమే గానీ సగమే నిజం. ఆ పాట ఒక నియంత్రణ పరికరం కూడా. ఎవరి రోకలి ఎప్పుడు పైకి లేవాలో, ఎప్పుడు కిందికి దిగాలో చెప్పేది అదే. ఒక్క దరువు తప్పితే చెయ్యి నలుగుతుంది. పొన్నునూ కుందెననూ ఎవరు కనిపెట్టారన్నది మనం ఎప్పుడైనా అడిగామా? ఇంజనీరు చేస్తే అది ఆవిష్కరణ. ఆడవాళ్లు తరతరాలుగా చేస్తే అది అలవాటు.

ఇలా అంటున్నానని దంపుడు రోజుల్ని నెత్తికెత్తుకుంటున్నాననుకోకండి. ఆ శ్రమకు కులం ఉంది. కోస్తాలో ఉన్న కుటుంబాల వడ్లు దంచింది పేద కులాల ఆడవాళ్లు. కూలి గింజల్లో ముట్టేది. తెలంగాణలో దొరల గడీల్లో వడ్లు దంచడం, పిండి విసరడం వెట్టిలో భాగం. కూలి లేదు, వద్దనే హక్కూ లేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివినవాళ్లకు ఆ కాలపు ఆడవాళ్ల బతుకు వాళ్ల గొంతుల్లోనే తెలుసు. మా ప్రాంతంలో అన్నం కన్నా జొన్నరొట్టె ఎక్కువ కాబట్టి రోకలి కన్నా ఇసుర్రాయి పెద్ద శత్రువు. కోడి కూయకముందే లేచి ఇసిరితే తప్ప పొద్దుటికి రొట్టె లేదు. ఇసుర్రాయి యాదికొస్తదా అవ్వా అని మా నాయనమ్మను ఒకసారి అడిగాను. "గిర్ని వచ్చినంక నా రెక్కలు నాకు మిగిలినయి బిడ్డా" అంది. ఆ మాట ముందు యంత్ర వ్యతిరేకత ఏదీ నిలబడదు.

అయితే ఆమె ఇసిరింది సొంత ఇంటి జొన్నలు. కూలికి దంచే మనిషి సంగతి వేరు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో బియ్యం మిల్లులు పెరిగినకొద్దీ దంపుడు కూలి తరిగిపోయింది. పోయింది కూలి గింజలు మాత్రమే కాదు. చేత్తో దంచితే ఊక వేరు, తవుడు వేరు, నూక వేరు. చాట పట్టుకుని చెరిగే మనిషి వాటిని విడదీస్తుంది. తవుడు గేదెకు, నూక జావకు, ఊక పొయ్యిలోకి, కోళ్ల గంపలోకి. ఇంటి లెక్కలో ఇవన్నీ ఆడదాని చేతిలో ఉండే చిన్న చిన్న ఆస్తులు. హల్లర్ వాటన్నిటినీ కలిపేసి ఒకే కుప్పగా పడేసింది. ఆ కుప్ప చాలా చోట్ల మిల్లు యజమానిదైంది. చాట అనే పనిముట్టుకు అంత నేర్పు ఉందని యంత్రం తయారుచేసినవాడికి తట్టలేదు.

తవుడుతో ఇంకొకటి కూడా పోయింది. బియ్యపు గింజ పైపొరలోనూ మొలకలోనూ ఉండే థయమిన్ అనే విటమిన్. అది లేని తెల్లన్నమే ముఖ్యాహారమైతే వచ్చే జబ్బు బెరిబెరి. కాళ్లు తిమ్మిరెక్కి, బలం పోయి, చివరికి గుండె దెబ్బతింటుంది. దేశంలో ఈ జబ్బుకు పేరుపడ్డ ప్రాంతం ఉత్తర సర్కారులు, అంటే విశాఖపట్నం నుంచి గుంటూరు దాకా ఉన్న మన తెలుగు కోస్తా. నేరమంతా మిల్లుదే అనడం సబబు కాదు. మిల్లులు రాకముందే, 1835లోనే, మాల్కమ్‌సన్ అనే మద్రాసు వైద్యుడు ఈ ప్రాంతపు బెరిబెరి మీద పుస్తకం రాశాడు. ఇక్కడివాళ్లు ఉప్పుడు బియ్యం కాక పచ్చి బియ్యం తినడం అసలు కారణాల్లో ఒకటి. వడ్లను ఉడకబెట్టి ఎండబెడితే ఆ విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. మర పట్టినా పూర్తిగా పోదు. పచ్చి బియ్యానికి ఆ రక్షణ లేదు. దానికి తోడు హల్లర్ ఒక్క పట్టులోనే తెల్లగా తోమేసింది. తెల్లటి అన్నం పెద్దరికానికి గుర్తు కూడా అయింది.

ఈ జబ్బును పరిశోధించడానికి 1918లో నీలగిరుల్లోని కూనూరులో ఒక చిన్న విభాగం మొదలైంది. రాబర్ట్ మెక్‌కారిసన్ నడిపాడు. ఆ తర్వాత వచ్చిన ఐక్రాయిడ్, తన సహచరులతో కలిసి 1940లో భారతదేశపు బియ్యం సమస్య మీద పెద్ద నివేదిక వెలువరించాడు. మరుసటి ఏడాది ఆయనా కృష్ణన్ అనే శాస్త్రవేత్తా కలిసి మద్రాసు రాష్ట్రంలోని బెరిబెరి ప్రాంతంలో పసిపిల్లల మరణాల మీద రాశారు. పసిబిడ్డకూ బియ్యానికీ ఏమిటి సంబంధం? తల్లి. ఆమె ఒంట్లో థయమిన్ లేకపోతే పాలల్లో ఉండదు. తల్లి పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే ఉండవచ్చు, రెండో నెల నుంచి అయిదో నెల లోపు బిడ్డ ఉన్నట్టుండి పోతుంది. వీటికి ఏ పాలదోషమనో, ఏ దిష్టి అనో పేరు పెట్టి ఎందరు తల్లుల్ని నిందించి ఉంటారో ఊహించుకోవచ్చు. ఆ కూనూరు విభాగమే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. ఉస్మానియా క్యాంపస్‌కు పోయే దారిలో దాని గేటు ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లానో. ఒక తవుడు పొర కోసం పుట్టిన సంస్థ అని చాలా ఏళ్లు నాకు తెలియదు.

1934లో గాంధీ అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టించి దంపుడు బియ్యాన్ని ఉద్యమంగా తీసుకున్నాడు. పోషణ పోతోంది, పల్లె ఆడవాళ్ల కూలి పోతోంది అన్న రెండు మాటలూ నిజమే. ఎవరి రెక్కలు దంచాలి అన్నది మాత్రం ఉద్యమం తేల్చలేదు. యంత్రాలంటే పడని గాంధీకి ఒక్క సింగర్ కుట్టుమిషన్ మీద ప్రేమ. 1924లో రామచంద్రన్ అనే యువకుడితో జరిపిన సంభాషణలో, భార్య చేత్తో కుట్టుకుంటూ పడే కష్టం చూడలేక ప్రేమతో సింగర్ దాన్ని కనిపెట్టాడని మెచ్చుకున్నాడు. భార్య కుట్టుపని చూసి యంత్రం తలపెట్టిన కథ నిజానికి ఎలియాస్ హోవ్ గురించి చెప్పుకునేది. 1846లో పేటెంటు తెచ్చుకుని, తర్వాత సింగర్ మీద దావా వేసి గెలిచినవాడు ఆయన. 1851లో పేటెంటు పొందిన ఐజాక్ సింగర్‌కు పలువురు స్త్రీలతో ఇరవైమందికి పైగా పిల్లలు. ప్రేమకు లోటేమీ లేదులెండి!

1929లో అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నానికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. ఆ రోజుల్లో లక్ష అంటే మామూలు మాట కాదు. షరతులు చదివితే ఆసక్తిగా ఉంటుంది. రాట్నం తేలిగ్గా ఉండాలి, చేత్తో గానీ కాలితో గానీ నడవాలి, ఖర్చు 150 రూపాయలు దాటకూడదు, 20 ఏళ్లు మన్నాలి. మామూలు శ్రమతో ఒక స్త్రీ ఏకబిగిన 8 గంటలు దాని మీద పనిచేయగలగాలి. కనిపెట్టినవాడు పేటెంటు తీసుకోవచ్చు గానీ బహుమతి పొందితే హక్కులు సంఘానికి ఇచ్చేయాలి. పేటెంటును సొంత ఆస్తిగా కాక ఉమ్మడి సొత్తుగా చూడడం గొప్ప ఆలోచన, ఒప్పుకుంటాను. ఆ "ఒక స్త్రీ" దగ్గరే నా మనసు ఆగింది. మొదటిసారి ఒక యంత్రపు కొలతల్లో ఆడమనిషి ఒళ్లు లెక్కకొచ్చింది. అయితే ఆ ఎనిమిది గంటల తర్వాత వండేదీ, నీళ్లు తెచ్చేదీ, బిడ్డను చూసేదీ ఎవరన్నది లెక్కలో లేదు. బహుమతి ఎవరికీ దక్కకుండానే ముగిసింది.

ఆడవాళ్లే కనిపెట్టినప్పుడు కథ మారిందా? అంట్లు కడిగే యంత్రానికి 1886లో పేటెంటు పొందిన జోసెఫిన్ కోక్రేన్ దాన్ని తలపెట్టింది, పనివాళ్లు తన ఖరీదైన పింగాణీ పగలగొడుతున్నారని. బట్టలు పిండే యంత్రాన్ని తయారుచేసిన ఎలెన్ ఎగ్లిన్ నల్లజాతి స్త్రీ. వాషింగ్టన్‌లో ఇళ్లలో పనిచేసేది. 1888లో తన హక్కును 18 డాలర్లకు అమ్మేసుకుంది. నల్లమనిషి చేసిందంటే తెల్లవాళ్లు కొనరని ఆమే చెప్పుకుంది. ఇద్దరూ స్త్రీలే. ఒకామె పింగాణీ వైపు నుంచి, ఇంకొకామె తడి బట్టల వైపు నుంచి అదే ఇంటి చాకిరీని చూశారు.

ఇక మా పక్క సంగతి. పోచంపల్లి చీరల నేతలో ఆసు పోయడం ఆడవాళ్ల పని. అర్ధచంద్రాకారంలో వరుసగా నిలబెట్టిన పిన్నుల చుట్టూ, ఎదురుగా ఉన్న మేకు దాకా చేతిని చాపుతూ ముడుస్తూ దారం చుట్టాలి. ఒక్క చీరకు కొన్ని వేల సార్లు చెయ్యి ఆడుతుంది. నాలుగైదు గంటలు పడుతుంది. భుజాలూ మోచేతులూ పోతాయి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి పడే బాధ చూసి 1992లో ఆసు యంత్రం మొదలుపెట్టాడు. ఊళ్లో నవ్వారు. హైదరాబాదు వచ్చి కూలి పని చేసుకుంటూ, బాలానగర్‌లో ఒక యంత్రం కదలికను చూసి తనకు తట్టని ముక్క పట్టుకున్నాడు. 1999కి యంత్రం పూర్తయింది. ఒక చీరకు ఆసు గంటన్నరలో పూర్తవుతుంది. దానికి పేటెంటు వచ్చింది, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. యంత్రానికి ‘లక్ష్మి ఆసు యంత్రం’ అని పేరు పెట్టుకున్నాడు. ఇన్నాళ్లుగా చదివిన పేటెంటు కథల్లో ఆ పనిచేసిన మనిషి పేరు యంత్రం మీదికి ఎక్కడం నేను చూసింది ఇక్కడే.

ఆయన ఆరో తరగతితో బడి మానేసినవాడు. ఆయన యంత్రానికి నమూనా ఏ పుస్తకంలోనూ లేదు, తల్లి చేతి కదలికే నమూనా. ఏ పిన్నుకు దారం ఎంత బిగువుగా తగలాలో, ఎక్కడ తెగుతుందో, తెగితే ఎలా అతకాలో ఆ చేతికి తెలుసు. ఆసు పోసి పోసి భుజాలు అరిగిన ఆడవాళ్లు పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక ఊళ్లలో ఇంకా ఉన్నారు. చాలామందికి అరవై దాటింది. దారం లేకుండా, పిన్నులు లేకుండా ఖాళీ గాలిలో చెయ్యి ఆడించి చూపించమంటే ఇప్పటికీ చూపిస్తారు.